కుండను బోర్లింపవద్దు

మూలవాక్యము: 2 రాజులు 4:38–41



ఈ ధ్యానమునకు ముందు మీ పరిశుద్ధ గ్రంథము తెరచి, ఎలీషా దినములలో గిల్గాలులో జరిగిన ఆ చిన్న సంగతిని ఇంటివారందరు వినునట్లు చదువుడి. నాలుగు వచనములే. చదువురాని పెద్దలుండిన యెడల పిల్లలు చదివి వినిపింపవలెను.

దేశములో కరవు. ప్రవక్తల శిష్యులు ఎలీషా యెదుట కూర్చుండియుండిరి. పెద్ద కుండను పొయ్యిమీద పెట్టి వీరికి వంట చేయుమని ఆయన తన పనివానితో చెప్పెను. కూరాకులకై పొలమునకు పోయిన ఒకడు అడవి తీగెను చూచి, దాని కాయలు ఒడినిండ కోసి తెచ్చి, అవి ఎట్టివో ఎరుగకయే తరిగి కుండలో వేసెను. వడ్డించిరి. నోట పెట్టగానే తినువారు అది ప్రాణము తీయునదని గ్రహించి దైవజనునికి మొరపెట్టిరి. ఎలీషా వారిని గద్దింపలేదు. కుండను బోర్లింపలేదు. పిండి తెప్పించి అందులో వేసి, జనులకు మరల వడ్డింపుమనెను. ఆ తరువాత కుండలో కీడేమియు లేకపోయెను.

ఈ వాక్యమును ఆధారముగా చేసికొని, నరముల నొప్పికి వైద్యులిచ్చు మాత్రలను గూర్చియు, వాటివలన కలుగు ఇబ్బందులను గూర్చియు ఈ నెల ధ్యానింతము. ఇది ఆసుపత్రి సంగతి గదా, గుడిలో ఏల అని కొందరనుకొనవచ్చును. కాని మన పల్లె సంఘములలో ఈ మాత్రలను దాచి మింగువారున్నారు. మింగలేక, ఎవరితోను చెప్పలేక పెంటకుప్పమీద పారవేయువారున్నారు. అట్టి వారి రాత్రులు ఎట్లు గడచుచున్నవో ప్రభువు ఎరుగును. మనమును ఎరుగుట మంచిది.

1. కరవు నిజమైనదే

కరవనిన మాట మన మెదకువారికి క్రొత్త కాదు. పాస్నెట్ దొరగారు మన దేవాలయమును 1914లో కట్ట మొదలుపెట్టిరి. ఆ పని నడచిన దినములలో ఈ ప్రాంతమును కరవు పీడించెను. ఆకలిగొన్న పల్లెల జనులు ఆ కట్టుబడి పనిచేసి అన్నము తినిరి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయము నూరేండ్లు దాటి నిలిచియున్నది. ఆకలితోనున్న వానికి వాక్యముతో కూడ కుండయు కావలెనని దాని రాళ్లు నేటికిని సాక్ష్యమిచ్చుచున్నవి. దైవజనుడు కుండను గూర్చి ఆలోచించుట తక్కువ పని కాదు.

నరముల నొప్పియు ఒక కరవే. అది నిద్రను తినివేయును. నాట్లు వేసివచ్చిన ఒళ్లునొప్పి ఒక రాత్రి పండుకొనిన పోవును. నరముల నొప్పి అట్టిది కాదు. పగలు పనిలో కొంత మరపునకు వచ్చి, దీపమార్పి పండుకొనగానే లేచును. అరికాళ్లు నిప్పులమీద పెట్టినట్లు మండును. దుప్పటి తగిలినను ఓర్చుకొనలేరు. సూదులు గుచ్చినట్లు, కరెంటు కొట్టినట్లు ఉండును. చూచువారికి మాత్రము పుండు లేదు, వాపు లేదు. అందుచేత ఇంటివారు నమ్మరు. యోబు స్నేహితులును అట్లే నమ్మలేదు. రాత్రియైనకొలది తన ఎముకలలో పోటు హెచ్చుననియు, బాధకు విరామమే లేదనియు ఆ భక్తుడు మొరపెట్టిన సంగతి మీరెరుగుదురు (యోబు 30:17).

ఇది ఎవరికి వచ్చును? చక్కెర వ్యాధి చాలకాలము అదుపు తప్పినవారికి, సర్పి మానిన తరువాత అది లేచిన చోటనే కొందరికి, వెన్నుపూసల నడుమ నరము నొక్కుకొన్నవారికి, కుష్ఠు నయమైన తరువాతను కొందరికి, ఏండ్ల తరబడి త్రాగినవారికి, క్యాన్సరు మందులు వాడిన కొందరికి. ఇట్టివారికి వైద్యుడు అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్, డులాక్సెటిన్ అను మందులలో ఒకటి వ్రాయుట కలదు. ప్రెగాబాలిన్ అను వేరొక మందుతో నార్ట్రిప్టిలిన్ కలిపిన మాత్రలును మన దుకాణములలో నున్నవి.

ఇక్కడనే మొదటి చిక్కు వచ్చును. మందుల దుకాణములో ఎవరో, ఇది డిప్రెషను మాత్ర అందురు. పట్నములో చదువుకొన్న కుమారుడు చీటి చూచి, అమ్మా, ఇది మనసు బాగులేని వారికిచ్చునది అనును. ఇక ఆ తల్లి, నా కాలు మండుచున్నదని చెప్పితిని గాని నాకు పిచ్చి యని ఎవరు చెప్పిరి అని కుమిలిపోవును. పిల్ల పెండ్లి మాటలు నడుచుచున్న ఇల్లైతే ఆ మాత్రల అట్ట బియ్యపు కుండలోనికి పోవును.

ప్రియులారా, చెరువు తూము సంగతి మీకు బాగుగా తెలియును. నరము దెబ్బతినినప్పుడు తూము తలుపు విరిగినట్లగును. కాలిలో క్రొత్త గాయము లేకున్నను నొప్పి అను నీరు మెదడునకు పారుచునే యుండును. మెదడునుండి వెన్నుపాములోనికి దిగివచ్చు కొన్ని నరములు ఆ తలుపును దించు నీరటికాండ్రవంటివి. వారు తమ పనికి నారడ్రినలిన్, సెరటోనిన్ అను రసములను వాడుదురు. ఈ మందు ఆ రసములను ఎక్కువసేపు నిలుపును. తూము కొంత మూతపడును. మనోవ్యాకులతకు సంబంధించిన చోటులలోను ఈ రసములే యున్నవి గనుక ఒకే మందు రెండింటికిని పనికివచ్చుచున్నది.

స్విట్జర్లాండులో రోలండ్ కూన్ అను వైద్యుడు 1950లలో ఇమిప్రమిన్ అను మందు మనోవ్యాకులతను తగ్గించుట కనిపెట్టెను. 1961లో దాని జాతికే చెందిన అమిట్రిప్టిలిన్ అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. మనోవ్యాకులత లేనివారికి కూడ ఇట్టి మందులు నొప్పిని తగ్గించునని వైద్యులు త్వరలోనే గ్రహించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో మొట్టమొదట ప్రకటించిన ముఖ్యమైన మందుల పట్టికలోనే అమిట్రిప్టిలిన్ ఉన్నది. మనోవ్యాకులతకు సాధారణముగా రోజుకు 75 మిల్లీగ్రాములో, అంతకు మించియో ఇత్తురు; నొప్పికి తరచుగా రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదురు. మీ కాలి నొప్పిని వైద్యుడు నమ్మెను గనుకనే ఈ మాత్ర వ్రాసెను.

మరియొక మాట. మనోవ్యాకులతకే మందు మింగువారు సిగ్గుపడవలెనా? ఏలీయా బదరీవృక్షము క్రింద చావును కోరుకొన్నప్పుడు దేవుడు అతనిని నిందింపలేదు. నిద్రనిచ్చెను, రొట్టెయు నీళ్లును పంపెను (1 రాజులు 19:4–8). దేవుడు సిగ్గుపరచని వానిని మనము సిగ్గుపరచరాదు.

2. ఎరుగక వేసిన కాయలు

ఏ పోలికయు అన్ని విధముల సరిపడదు. గిల్గాలులోని కాయ ఎరుగక వేసినది. ఈ మందు వైద్యుడు ఎరిగి ఇచ్చినది. దీనిని విషమని నేను చెప్పుట లేదు. కాని ఎరుగక కోసిన కాయలు మన కుండలలోను పడుచున్నవి.

రాత్రి ఈ మాత్ర మింగి, పగలు నొప్పి యెక్కువైనదని దుకాణమునకు పోయి వేరొక నొప్పి మాత్ర తెచ్చుకొందురు. అందులో ట్రమడాల్ ఉండవచ్చును. ఈ రెండు కలిసినప్పుడు కొందరికి ఒళ్లు వణకుట, చెమటలు, జ్వరము, కంగారు కలుగును, మూర్ఛయు రావచ్చును. జలుబు మాత్రలలో కొన్ని ఈ మత్తును రెట్టింపు చేయును. పొరుగింటి వదినెకు నయమైనదని ఆమె అట్టలోని మాత్రలు రెండు అడిగి తెచ్చుకొందురు. ఆమె గుండె వేరు, మీ గుండె వేరు.

ఇక కల్లు, సారా. ఈ మాటకు కొందరికి కోపము రావచ్చును, అయినను చెప్పక తప్పదు. ఈ మాత్రతో మద్యము కలిసిన యెడల మత్తు మితిమీరును, ఊపిరి మందగింపవచ్చును. డులాక్సెటిన్ మింగుచు ఎక్కువగా త్రాగువారికి కాలేజమునకు హాని కలుగును. మన తెలంగాణములో అల్ప్రజోలం, డయజిపాం వంటి మత్తుమందులు కలిపిన కల్లు పలుమారు పట్టుబడినది. అట్టి కల్లు త్రాగి, దానిమీద ఈ మాత్ర మింగిన వాడు తన కుండలో ఏమేమి వేసికొన్నాడో వైద్యుడును కనుగొనలేడు. త్రాగుడున్నవారు ఆ సంగతి వైద్యునితో దాచక చెప్పవలెను. ఆయన మిమ్మును తీర్పు తీర్చుటకు కూర్చుండలేదు.

కాబట్టి ఆసుపత్రికి పోవునప్పుడు మీరు మింగుచున్న మాత్రలన్నిటిని, ఆకు పసరులతో సహా, ఒక సంచిలో వేసికొని పోయి బల్లమీద పెట్టుడి. గుండె జబ్బు, నీటికాసులు, మూర్ఛలు, మూత్రము బిగియుట, కాలేజపు జబ్బు ముందే యుండిన యెడల చెప్పుడి. గర్భిణులును పాలిచ్చు తల్లులును ఆ సంగతి చెప్పవలెను.

3. వారు నోరు విప్పిరి

గిల్గాలులోని శిష్యులు మర్యాదకు కట్టుబడి ఊరకుండిన యెడల చచ్చియుందురు. దైవజనుడు పెట్టించిన కుండను తప్పు పట్టుట యెట్లు అని వారనుకొనలేదు. నోట పెట్టగానే కేకవేసిరి. మరియు వారు ఒకనితో నొకడు గొణుగుకొనలేదు; సరిచేయగల వానితోనే చెప్పిరి. మనవారు దీనికి తారుమారుగా చేయుదురు. బావి దగ్గర చెప్పుదురు, బస్సులో చెప్పుదురు, వైద్యుడడిగినప్పుడు మాత్రము బాగుగనే యున్నది సారూ అందురు.

ఏమి చెప్పవలెను? ఒక కాలువకు అడ్డుకట్ట వేసినప్పుడు పక్క మడి కూడ ఎండును గదా. ఈ మందును అట్టిదే. నోటిలో, ప్రేగులలో, కన్నులలో, మూత్రాశయములో పనిచేయు నరములను కూడ అది తాకును. అందుచేత నోరు ఎండును, మలబద్ధకము కలుగును, కన్నులు మసకబారును. ఉదయము మత్తు విడువదు. లేచి నిలువగానే తల తిరుగును. కొందరికి ఆకలి పెరిగి ఒళ్లు వచ్చును. డులాక్సెటిన్ వలన మొదటి వారములో వికారము, చెమటలు కలుగవచ్చును. కొందరికి రక్తపోటు పెరుగును. ప్రెగాబాలిన్ కలిసిన మాత్రలవలన కొందరికి పాదములు వాచును.

వీటిలో చాలవరకు ఒకటి రెండు వారములలో తగ్గునవి. అంతవరకు ఓర్చుకొనుటకు తేలికైన మార్గములున్నవి. అమిట్రిప్టిలిన్ మాత్రను అర్ధరాత్రి వేయక, వైద్యునితో మాటలాడి, పండుకొనుటకు గంట రెండు గంటల ముందు వేసికొనిన యెడల తెల్లవారి మత్తు తగ్గును. మత్తు వదలువరకు మోటారు సైకిలు తోలకుడి, తాడిచెట్టు ఎక్కకుడి, చీకటిలో బావి మోటారు పెట్టుటకు పోకుడి. నోరు ఎండినప్పుడు గుక్కెడు గుక్కెడుగా నీళ్లు త్రాగుడి, సోపు గింజలు నమలుడి. చక్కెర వ్యాధి గలవారు తియ్యని బిళ్లలు చప్పరింపరాదు. ఎండిన నోటిలో పండ్లు త్వరగా పుచ్చును గనుక రెండు పూటల తోముకొనుడి. మలబద్ధకమునకు జొన్న రొట్టె, ఆకుకూర, నీళ్లు, నడక. గుండె, మూత్రపిండముల జబ్బున్నవారు నీళ్లెంత త్రాగవలెనో వైద్యునినే అడుగవలెను. డులాక్సెటిన్ మాత్రను అన్నము తిని వేసికొనిన వికారము తగ్గును. దాని గొట్టమును విప్పి పొడి చేయరాదు.

వృద్ధులు రాత్రి మూత్రమునకు లేచినప్పుడు మంచముమీద కాళ్లు క్రిందికి వేసి కొంతసేపు కూర్చుండి, పిమ్మట లేవవలెను. ఒక చిన్న దీపము వెలుగుచుండనిండు. తుంటి ఎముక విరిగిన ముసలివారు మరల మునుపటివలె నడచుట కష్టము. తల తిరుగుట చిన్న సంగతి అనుకొనవద్దు.

కొన్ని సంగతులు మాత్రము ఓర్చుకొనవలసినవి కావు. మూత్రము పూర్తిగా బిగిసిన యెడల, కన్ను ఎర్రబడి నొప్పిపెట్టి దీపము చుట్టు రంగుల వలయములు కనబడిన యెడల, గుండె దడదడలాడి స్పృహ తప్పిన యెడల, కొన్ని దినములు విరేచనము లేక పొట్ట ఉబ్బిన యెడల, ఒంటిమీద దద్దురులు లేచి ముఖము వాచిన యెడల, కన్నులు పచ్చబడిన యెడల ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను. ఆపదలో 108కి ఫోను చేయుడి.

ఇంకొకటి మెల్లగా చెప్పుచున్నాను. ఈ మందులు మొదలుపెట్టిన వారాలలో, లేక మోతాదు మార్చినప్పుడు, కొందరికి, విశేషముగా 25 ఏండ్లలోపు వారికి, మనసు కలత చెంది చావు తలంపులు రావచ్చును. మందు లేకున్నను విడువని నొప్పి మనిషిని ఆ అంచునకు తేగలదు. అట్టి తలంపు వచ్చిన యెడల అది మీ విశ్వాసము చచ్చినదనుటకు గుర్తు కాదు. ఆ రాత్రియే ఇంటివారిని లేపుడి, వైద్యునితో చెప్పుడి. టెలీ మానస్ అను ప్రభుత్వపు సహాయ కేంద్రము 14416 నంబరులో రాత్రింబగళ్లు మాటలాడును. ఈ మాత్రలు ఎక్కువగా మింగిన యెడల గుండె ఆగవచ్చును. చిన్నపిల్లలకు కొలది మాత్రలే ప్రాణాంతకము. అట్టను ఇంటి పెద్ద ఒకరు పిల్లలకందని చోట ఉంచవలెను.

4. పిండి వేసెను

ఇప్పుడు వాక్యములోని ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాము. ఎలీషా కుండను బోర్లింపలేదు. ఏలయనగా కరవు ఇంకను ఉన్నది. కుండను పారబోసినవాడు ఆకలిని పారబోయలేడు.

నోరు ఎండినదని మూడవ నాడే మాత్రలు పారవేసినవాని కాలిమంట ఎక్కడికిని పోలేదు. పైగా ఈ మందు నొప్పిమీద పట్టు సంపాదించుటకు కొన్ని వారములు పట్టును. ఇబ్బందులు మాత్రము మొదటి దినమే వచ్చును. విత్తిన మరునాడే దున్నివేసినవాడు పంటను గూర్చి ఏమి చెప్పగలడు? నెలల తరబడి మింగినవారు ఒక్కసారిగా ఆపిన యెడల వికారము, తలనొప్పి, నిద్రలేమి, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్లుండుట కలుగవచ్చును. డులాక్సెటిన్ విషయములో ఇది మరి ఎక్కువ. మెల్లమెల్లగా తగ్గించి ఆపవలెను. ఆసుపత్రికి పోవలసిన ఆపద వచ్చినప్పుడు మాత్రము తరువాతి మాత్ర వేసికొనవలెనో వద్దో వైద్యుడే చెప్పును.

వైద్యుని చేతిలో పిండి ఉన్నది. మోతాదు తగ్గింపగలడు, వేళ మార్పగలడు, మత్తు ఎక్కువైన అమిట్రిప్టిలిన్ బదులు నార్ట్రిప్టిలిన్ ఇయ్యగలడు, లేక వేరొక జాతి మందునకు మార్పగలడు. కాని మీరు కేకవేయనిదే పిండి ఎవరు తెత్తురు?

మన మిషను చరిత్రలోనే దీనికి సాక్ష్యమున్నది. వెస్లియను మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారును, ఆమె భర్త జార్జి కెర్ గారును నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రిని స్థాపించిరి. కుష్ఠు కూడ నరములను తినివేయు జబ్బే. ఆ దినములలో దానికున్న మందు చాల్‌మోగ్రా నూనె. త్రాగిన వాంతి వచ్చును. చాలమంది కడుపులో నిలువదు. వైద్యులు ఆ నూనెను విడిచిపెట్టలేదు, సూదిమందుగా చేసిరి. ఆ సూదియు నొప్పియే, అయినను వాంతి తప్పెను. 1940లలో డాప్సోన్ జాతి మందులు వచ్చెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక మందులు కలిపిన చికిత్సను సిఫారసు చేసెను. అందులోని రిఫాంపిసిన్ వలన మూత్రము ఎర్రబడును, క్లోఫజిమిన్ వలన ఒళ్లు నల్లబడును. ముందుగా చెప్పనిచోట జనులు భయపడిరి. చెప్పినచోట, ఇది మందు గుర్తు, మానిన తరువాత మెల్లగా పోవును అని తెలిసి నిబ్బరముగా మింగిరి. కుండను బోర్లింపని వారివలననే కుష్ఠు నేడు నయమగు జబ్బైనది.

అయితే ఈ మందు అందరికిని పనిచేయదు. కొందరికి నొప్పి సగము తగ్గును, కొందరికి కొంచెమే తగ్గును, కొందరికి ఏమియు తగ్గదు. వైద్యుడు చెప్పినన్ని వారములు, చెప్పిన మోతాదులో వాడినను మేలు కనబడని యెడల ఆయనతో చెప్పి మెల్లగా మానివేయుట పరాజయము కాదు. పౌలు తన శరీరములోని ముల్లు తీసివేయబడవలెనని మూడు మారులు వేడుకొనెను. ముల్లు నిలిచెను, కృపయు నిలిచెను (2 కొరింథీయులకు 12:7–9). ముల్లుతో బ్రదికినవాడు విశ్వాసములో తక్కువవాడని ఎవరనగలరు?

5. విశ్వాసము, మాత్ర

మాత్ర పారవేయుము, ప్రార్థనయే చాలును అని చెప్పువారు మన ఊళ్లకు వచ్చుచున్నారు. హిజ్కియాకు ఆయుష్షు పెంచెదనని దేవుని వాగ్దానము తెచ్చిన యెషయాయే, అంజూరపు ముద్ద పుండుమీద పెట్టుడని చెప్పెను (2 రాజులు 20:5–7). వాగ్దానమును ముద్దయు ఒకే నోటనుండి వచ్చెను. పౌలు తిమోతి కడుపు జబ్బునకు ప్రార్థనతో ఊరకుండక ఆనాటి మందు చెప్పెను, అదియు కొంచెమే అనెను (1 తిమోతికి 5:23). మందునకు మోతాదున్నదని అపొస్తలుడెరుగును.

మన ప్రభువు సిలువయొద్ద బోళము కలిపిన ద్రాక్షారసమును పుచ్చుకొనలేదు గదా, నొప్పి మందు మనకేల అని అడుగువారున్నారు (మార్కు 15:23). ప్రియులారా, లోకపాపమును మోయుటకు ఆయన త్రాగవలసిన పాత్ర ఒక్కటే, అది ఆయనకే చెల్లినది. దానిని మరల త్రాగుమని ఆయన ఎవరికిని ఆజ్ఞాపింపలేదు. తన గాయములకు మందు వద్దన్న ఆయనయే, దొంగలచేత గాయపడినవాని పుండ్లలో నూనెయు ద్రాక్షారసమును పోసిన సమరయుని కథ చెప్పెను.

మరియు ఈ మాత్ర వలన నాలుక ఎండి అంగిటికి అంటుకొని, రాత్రి రెండు గంటలకు లేచి చెంబు వెదకుకొను తల్లీ, అన్నా, ఒక మాట వినుడి. సిలువమీద మన ప్రభువు నాలుకయు అట్లే ఎండెను. ఆయన దాహమని పైకి చెప్పెను. పులిసిన ద్రాక్షారసమును అందింపగా పుచ్చుకొనెను (యోహాను 19:28–30). దేవుని కుమారుడు తన దాహమును దాచుకొనలేదు. మీరేల దాచుకొందురు?

6. సంఘము వంతు

ఎలీషా, పిండి తెండు అనెను. తెచ్చినవారెవరో వాక్యము చెప్పదు. అట్టి పేరులేని పని మన అందరికి ఉన్నది.

ఆరాధనలో ఒక అక్క కునుకు తీయుచుండిన యెడల, వాక్యమునందు ఆసక్తి లేదని గుసగుసలాడకుడి. త్రోయలో ఐతుకు అను యౌవనుడు పౌలు ప్రసంగించుచుండగానే నిద్రపోయి మేడమీదనుండి పడెను. పౌలు ప్రసంగము నిలిపి, క్రిందికి దిగిపోయి, అతనిని కౌగిలించుకొనెను (అపొస్తలుల కార్యములు 20:9–12). బోధకులకును పెద్దలకును అంతకంటె మంచి మాదిరి ఏది? ఆ అక్కను గోడ దగ్గర కూర్చుండబెట్టుడి. పాట పాడుటకు గొంతు ఎండిన అన్నకు నీళ్ల చెంబు అందింపుడి. శ్రమదినములలో ఉపవాసముండ తలచువారు, విశేషముగా చక్కెర వ్యాధి గలవారు, ముందు వైద్యునడుగవలెను. మందు మానుట ఉపవాసము కాదు.

సమరయుడు కట్టు కట్టి వెళ్లిపోలేదు. ఆ రాత్రి అక్కడనే యుండెను. పూటకూళ్లవానికి డబ్బిచ్చి, మరల వచ్చెదనని చెప్పెను (లూకా 10:34–35). మందు మొదలుపెట్టిన రెండు వారములలో ఎవరో ఒకరు మరల వచ్చి, అమ్మా, మత్తు తగ్గినదా, నడచునప్పుడు తూలుట లేదు గదా అని అడుగవలెను. స్త్రీల మైత్రి వారు ఇది చేయగలరు. చదువుకొన్న యౌవనులు ఒక కాగితముమీద మాత్ర పేరు, మింగు వేళ, కలిగిన ఇబ్బంది తేదీలతో వ్రాసి పెట్టవలెను. ఆ కాగితము ఆసుపత్రిలో వేయి మాటలకంటె ఎక్కువ చెప్పును. బస్సు చార్జీ లేక మరల వైద్యుని చూడలేనివారికి సంచి కానుకలోనుండి ఆ చార్జీ ఇయ్యవచ్చును. అంతకంటె ముందుగా, కోడండ్రు అత్తలను, భర్తలు భార్యలను నమ్మవలెను. కంటికి కనబడని నొప్పిని నమ్ముటయే మొదటి పిండి.

కాబట్టి ప్రియులారా, మాత్రను దాచవద్దు, బాధను దాచవద్దు, తొందరపడి కుండను బోర్లింపవద్దు. నోరు విప్పి, సరిచేయగల వారితో చెప్పుడి. మొరపెట్టినవారిని గద్దింపని ఎలీషా దేవుడే మన దేవుడు.

ప్రార్థన

కనికరముగల తండ్రీ, రాత్రులు నిద్రలేక మంటలతో పొరలు నీ పిల్లలను జ్ఞాపకము చేసికొనుము. మేము మింగు మందులను దీవించుము, వాటివలన కలుగు కీడును తొలగించుము. వైద్యులకు వినుటకు చెవులను, మాకు చెప్పుటకు నోటిని దయచేయుము. ఒకరి కనబడని భారమును ఒకరము నమ్మి మోయునట్లు మాకు నేర్పుము. సిలువమీద దప్పిగొనిన నీ కుమారుడైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.